అర అంగుళం మాస్టారు

కటింగ్ మాస్టారికి కుడి తుంటి కీలు మార్చి ఎనిమిది నెలలు దాటింది. అరిగిపోయింది తీసేశారు, కొత్తది బిగించారు, మూడో రోజున వాకర్ పట్టించి నడిపించారు, ఇంటికి పంపారు. కథ అక్కడితో అయిపోవాల్సింది. అయిపోయిందని ఆసుపత్రివాళ్ళూ అనుకున్నారు, చుట్టాలూ అనుకున్నారు. నొప్పి మాత్రం అనుకోలేదు. పాత నొప్పి పోయిన మాట నిజమే గానీ, ఖాళీ అయిన వాటాలోకి ఇంకొకరు అద్దెకు దిగినట్టు కొత్తదొకటి వచ్చి చేరింది. పొద్దున్నే నడుము కింద సన్నగా మొదలయ్యేది. పది నిమిషాలు నిలబడితే తొడ పక్కగా దిగేది. అరగంట నిలబడితే మాస్టారి నోట మాట రానిచ్చేది కాదు.

నిలబడటం మానేస్తే సరి కదా అంటారేమో. ఆయన కటింగ్ మాస్టారండీ! కుట్టేవాళ్ళు కూర్చుంటారు, కత్తిరించేవాడు నిలబడతాడు. నలభై ఏళ్ళుగా ఆ పొడుగాటి బల్ల ముందు, మెడలో టేపు వేలాడేసుకుని, చేతిలో సుద్ద పట్టుకుని నిలబడ్డ మనిషి. వీధి అవతల నడిచిపోయేవాడి ప్యాంటు అంచుల్లో తేడా ఉంటే ఇవతల గుమ్మంలోంచే పట్టేసేవాడు. "అర అంగుళం" అని గొణుక్కునేవాడు. ఆ గొణుగుడు వినీ వినీ జనం ఆయనకు అర అంగుళం మాస్టారని పేరు పెట్టారు. ఎదురుగా ఎవరూ అనరు, వెనకాల అననివాళ్ళు లేరు. ఆ సంగతి ఆయనకు తెలీదనుకోవడం వాళ్ళ అమాయకత్వం. తెలుసు, లోలోపల మహా గర్వం కూడా.

ఆ దుకాణానికి ఒక నియమం ఉంది. కొలత తీసేటప్పుడు ఎవరి ఒంట్లో ఏ వంకర కనిపించినా నోటితో అనకూడదు. ఒక భుజం దిగి ఉండొచ్చు, వీపు వంగి ఉండొచ్చు, పొట్ట నిరుటికన్నా నాలుగు వేళ్ళు ముందుకొచ్చి ఉండొచ్చు. కొలతల పుస్తకంలో ఆ మనిషి పేజీ మూలన పెన్సిలుతో చిన్నగా రాసుకోవాలి. కత్తెరతో, కుట్టుతో దాన్ని గుట్టుగా కప్పెయ్యాలి. వచ్చినవాడు అద్దంలో చూసుకుని, తన ఒళ్ళు తిన్నగా ఉందని మురిసిపోతూ వెళ్ళాలి. "మనం కుట్టేది బట్టలు కాదు, మర్యాద" అనేవాడు మాస్టారు, ఈ మాట తనకు ముందెవరూ అనలేదన్నట్టు ఛాతీ పొంగించి.

ఈ నియమాన్ని ఆయనకన్నా నిష్ఠగా పాటించే మనిషి దుకాణంలో ఒక్కరే ఉన్నారు. కాజాల అక్క. కిటికీ పక్క స్టూలు మీద కూర్చుని కాజాలు కుడుతుంది, అంచులు మడుస్తుంది, ఊడిన బొత్తాలు వేస్తుంది. మాస్టారికన్నా పదేళ్ళు చిన్నదే, అయినా అందరితో పాటు ఆయనా అక్కా అనే పిలుస్తాడు. దారపు ఉండల డబ్బాలో ఆవిడొక చిన్న కళ్ళ మందు సీసా పెట్టుకుని, గంటకోసారి రెండు చుక్కలు వేసుకుంటుంది. మాస్టారు కాజాల కోసం చొక్కా మీద గీసే సుద్ద గీతలు ఈ రెండేళ్ళలో లావెక్కాయి. ఎందుకని ఆవిడ అడగలేదు, ఆయన చెప్పలేదు.

సరే, నొప్పి. ఇంటావిడ రెండో నెల్లోనే మొదలుపెట్టింది, ఏవండీ, ఓసారి ఆ డాక్టరుకు చూపించుకోండని. ఆయన ససేమిరా అన్నాడు. రెండో చెకప్పుకు రమ్మన్న తారీఖు దాటిపోయింది, మూడోదీ దాటిపోయింది. ఆవిడ మళ్ళీ ఎత్తినప్పుడల్లా నిలువుటద్దం ముందుకు నడిచి, రెండు కాళ్ళు దగ్గరికి పెట్టి, కిందికి చూపించేవాడు.

"అంచులు చూడు. రెండూ సమంగా చెప్పు మీద వాలాయి. ఆపరేషన్లో తేడా వచ్చుంటే ప్యాంటు పట్టిచ్చేది కాదూ?"

ఆవిడేం చెబుతుంది? అంచులు నిజంగానే సమంగా ఉన్నాయి. ఎక్స్‌రే అబద్ధం చెప్పినా ప్యాంటు చెప్పదని నమ్మే మనిషితో వాదించి ఎవరు గెలిచారు గనక. కాబట్టి తేడా ఏమీ లేదు, ఇది మిగిలిపోయిన నొప్పి, నాలుగు రోజులు ఏదో ఒకటి రాసుకుంటే దానంతటదే పోతుందని మాస్టారు తీర్పు ఇచ్చేశాడు. రాసుకోవడానికి వీధి చివర మందుల షాపు ఉండనే ఉంది.

మందుల షాపాయన మంచివాడే. కాకపోతే ఎక్కడ నొప్పి అని అడిగి, జవాబు పూర్తయ్యేలోపే వెనక అరలోంచి డబ్బా తీసేసే చురుకుదనం ఆయనది. మొదట పచ్చ డబ్బా బామ్ ఇచ్చాడు. మంట పుట్టింది గానీ నొప్పి తగ్గలేదు. మంట పుట్టిందంటే పనిచేస్తున్నట్టే అన్నాడు షాపాయన. తర్వాత ఎర్ర ట్యూబు వచ్చింది, దాని వెనకే స్ప్రే, దాని వెనకే అతికించుకునే పట్టీలు, ఆ పైన నడుముకు బెల్టు. ఒకరోజు మాస్టారు బామ్ రాసి, దాని మీద వేడినీళ్ళ సంచి పెట్టి, పైన బెల్టు బిగించి కునుకు తీశాడు. లేచేసరికి తుంటి మీద సంచి ఆకారం అచ్చుగుద్దినట్టు కమిలిపోయి ఉంది. కమిలినదానికి ఇంకో ఆయింట్‌మెంటు వచ్చింది. షాపాయన దాన్ని ఉచితంగా ఇచ్చాడు, అంత పెద్ద మనసు.

ఇక మాత్రలు. పొద్దున తెల్లవి, మధ్యాహ్నం పసుపువి, సాయంత్రం గులాబీవి. తెల్లవి పనిచేయడం లేదంటే పసుపువి ఇచ్చాడు గానీ తెల్లవి మానెయ్యమని షాపాయనా అనలేదు, మాస్టారూ అడగలేదు. మూడు రంగులూ వేసుకున్నాక కడుపులో మంట మొదలైంది. కడుపు మంటకు తియ్యటి సిరప్పు దిగింది. పాదాలు కాస్త ఉబ్బినట్టనిపిస్తే చెప్పు పట్టీ ఒక రంధ్రం వదులు చేసుకున్నాడు. ఏది బిగుతైతే దాన్ని వదులు చెయ్యడం ఆయన వృత్తి ధర్మం మరి.

దుకాణం మొత్తం బామ్ వాసన కొట్టేది. కొత్త చొక్కాలకు కూడా పట్టింది. ఒక బ్యాంకు ఆఫీసరు తన చొక్కా వెనక్కి పట్టుకొచ్చి, నాకు జలుబేం లేదండీ అన్నాడు. కాజాల అక్క కిమ్మనకుండా ఆ చొక్కా రెండుసార్లు ఉతికి, ఇస్త్రీ చేసి ఇచ్చింది.

ఆసుపత్రివాళ్ళు ఇంటికి పంపేటప్పుడు ఒక పెద్ద కాగితం ఇచ్చారు, రోజూ చెయ్యాల్సిన వ్యాయామాల బొమ్మలతో. మందంగా, నున్నగా, గట్టిగా ఉంది. మాస్టారు దాన్ని వేళ్ళతో నలిపి చూసి తెగ మెచ్చుకున్నాడు. వ్యాయామం ఒక్కరోజు కూడా చెయ్యలేదు గానీ, ఆ కాగితంతో కాలర్ నమూనా కత్తిరించుకున్నాడు. అది బల్ల పక్కన మేకుకు వేలాడుతోంది, వెల్లకిలా పడుకుని కాలెత్తుతున్న బొమ్మకు తల లేకుండా.

ఇంతకీ ఆ బల్లకే ఎసరొచ్చింది. పక్క దుకాణం మాస్టారి బావమరిదిది, రెడీమేడ్ బట్టలు అమ్ముతాడు. బావగారు మంచాన పడ్డ నాటినుంచి అతని కన్ను ఆ బల్ల చోటు మీద ఉంది. బల్ల తీసేసి, మధ్య గోడకు తలుపు పెట్టి, అద్దాల అలమరాలు దించాలని ప్లాను. తన అక్కగారి, అంటే మాస్టారి ఇంటావిడ చెవిలో ఇల్లు కట్టుకుని పోరాడు, బావగారికి విశ్రాంతి కావాలని. ఆవిడకూ భర్త గిలగిల్లాడటం చూడలేక మనసు మెత్తబడింది. అది విని మాస్టారు అగ్గి మీద గుగ్గిలమైపోయాడు. బడులు తెరిచే ముందు యూనిఫారాల ఆర్డర్లు వస్తాయి కదా, వచ్చే నెల ఒకటో తారీఖున పొద్దున షట్టరు ఎత్తిన దగ్గర్నుంచి మధ్యాహ్నం భోజనం దాకా నిలబడి కత్తిరిస్తానన్నాడు. కుర్చీ తాకితే బల్ల నువ్వే పట్టుకుపో అని బావమరిది ముందు తొడ కొట్టాడు. కొట్టింది కుడి తొడ. నొప్పికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కోపం అనుకుని అందరూ భయపడ్డారు.

బావమరిది మర్నాడే స్టీలు టేపు తెచ్చి, బల్ల పొడవూ వెడల్పూ కొలుచుకుని వెళ్ళాడు. తన బల్లను ఇంకొకరు కొలవడం మాస్టారు జీవితంలో మొదటిసారి చూశాడు. ఆ బల్ల పోతే తనెవరో తనకే అర్థం కాలేదు. భయమేసింది. అంత వయసు మనిషికి నిజంగా భయమేసింది. ఆ సాయంత్రం నుంచి గులాబీ మాత్రలు రెండేసి మింగడం మొదలుపెట్టాడు.

ఒకటో తారీఖు ఇంకా పన్నెండు రోజులుందనగా, పాత యూనిఫారాల కొలతలు చూసుకుందామని కొలతల పుస్తకం తెరిచాడు. నిలబడే తెరిచాడు, సాధన కోసం. పేజీలు తిప్పుకుంటూ పోతుంటే పుస్తకం చివర ఒక పేజీ తగిలింది. పేరు రాయాల్సిన చోట ఖాళీ. అక్షరాలు కాజాల అక్కవి. మాస్టారు పైకే చదివాడు.

"నడుము నలభై. అబ్బో, భారీ మనిషే. ఎవరక్కా ఈయన?"

అక్క సూదిలో దారం ఎక్కించడంలో మునిగిపోయింది. మూడుసార్లు గురి తప్పింది. పేజీ మూలన పెన్సిలు రాత ఉంది. మాస్టారు కళ్ళజోడు సర్దుకుని అదీ చదివాడు. కుడి కాలు అర అంగుళం ఎక్కువ. కుడి అంచు అర అంగుళం విప్పి కుట్టాను. చెప్పకూడదు.

మాస్టారికి హుషారొచ్చింది. ఎన్నాళ్ళకో తన విద్యకు పని దొరికింది. పుస్తకం మీద వేలితో కొడుతూ ఉపన్యాసం ఎత్తుకున్నాడు. అర అంగుళమంటే చిన్న తేడా కాదు. ఒక కాలు పొడవైతే నడుము ఒక పక్కకు ఎక్కుతుంది, అడుగు తీసి అడుగు వేసినప్పుడల్లా తుంటి మీద బరువు వంకరగా పడుతుంది. పాపం, పిచ్చివాడు ఏ బామ్ రాసుకుంటున్నాడో, ఏ మాత్రలు మింగుతున్నాడో! జన్మంతా రాసుకున్నా పోతుందా అది? బుద్ధున్నవాడైతే వెళ్ళి డాక్టరుకు చూపించుకోవాలి. అంచులు సమంగా ఉన్నాయి కదా అని మురిసిపోతూ ఉండుంటాడు, మనం సరిచేశామని తెలీక.

"మర్యాద మర్యాదే గానీ, ఇలాంటిది చెప్పకపోవడం పాపం అక్కా. ఎవరో చెప్పు, నేనే వెళ్ళి చెబుతాను."

అక్క సూది పక్కన పెట్టింది. కొంగుతో కళ్ళు తుడుచుకుంది. ఆ తడి కళ్ళ మందుదో మరొకటో తెలీదు.

"అది మీదే మాస్టారూ."

మాస్టారు పుస్తకం వంక చూశాడు, తన పొట్ట వంక చూశాడు, కింద అంచుల వంక చూశాడు.

"నా నడుము ముప్పై ఆరు" అన్నాడు.

అక్క నెమ్మదిగా చెప్పుకొచ్చింది. ఆపరేషనయిన ఆరో వారం ఆయన్ను చూడ్డానికి ఇంటికెళ్ళినప్పుడే కనిపించింది. కుడి అంచు చీలమండ పైకి ఎక్కి ఉంది. బొత్తాం వదులైందని చెప్పి ఆ ప్యాంటు అడిగి తెచ్చి, కుడివైపు అంచు విప్పి దించింది. తర్వాత ఒక్కొక్కటిగా మిగతా మూడూ తెప్పించింది. నడుము సంగతైతే ఆరేళ్ళనాటి మాట. ఇస్త్రీకి వచ్చినప్పుడల్లా కొంచెం కొంచెం విప్పుతూ వచ్చింది. ఆయన తన ప్యాంట్లు ఇరవై ఏళ్ళ కిందటి నమూనాతోనే కత్తిరించుకుంటాడు కదా, ఆయన ఒంటికి టేపు పెట్టే మనిషి ఎవరున్నారు?

"మరి నాకు చెప్పొద్దూ?" అన్నాడు మాస్టారు.

"చెప్పకూడదని మీరే కదా నేర్పారు. పాతికేళ్ళ నుంచి ఎవరికీ చెప్పలేదు. మీకొక్కరికే ఎలా చెప్పను?"

మాస్టారికి కోపం రావాల్సింది. రాలేదు. సిగ్గేసింది. ఇన్ని నెలలుగా అద్దం ముందు నిలబడి ఇంటావిడకు చూపించిన సమానమైన అంచులు ఈ మనిషి కిటికీ పక్కన కూర్చుని తన మర్యాద కోసం గుట్టుచప్పుడు కాకుండా కుట్టినవి. నలభై ఏళ్ళు ఊరందరికీ చేసిన ఉపకారం తనకు తిరిగొచ్చింది. అది ఎంత నొప్పి పెడుతుందో మొదటిసారి తెలిసింది. ఉన్నచోటే కుర్చీ లాక్కుని కూలబడ్డాడు. టేపు తీసి అక్క చేతికిచ్చాడు. ఆవిడ కొలవడానికి వస్తుంటే, ఇన్నేళ్ళూ తను చూసి నవ్వుకున్న జనమంతా చేసినట్టే, ఊపిరి బిగబట్టి పొట్ట లోపలికి లాక్కున్నాడు. వదిలేయండి మాస్టారూ అంది అక్క. వదిలాడు. నలభై ఒకటి వచ్చింది.

మర్నాడు డాక్టరు దగ్గరికి ఇంటావిడా తోడొచ్చింది, ఒక సంచీతో. సంచీలోవన్నీ బల్ల మీద పేర్చింది. బామ్‌లు, ట్యూబులు, స్ప్రే, పట్టీలు, మూడు రంగుల మాత్రలు, సిరప్పు. పేర్చడం అయ్యేసరికి డాక్టరు మొహం కనిపించలేదు. ఆయన డబ్బాల వెనకనుంచి లేచి, మూడు మాత్రల అట్టలూ తిప్పి, సన్నక్షరాలు చూపించాడు. మూడు పేర్లు, మూడు రంగులు, లోపలున్న మందు ఒక్కటే. ఒకే తానులోంచి మూడు చొక్కాలు కుట్టి, మూడు కంపెనీల చీటీలు వేసినట్టు. గుడ్డ పట్టుకుని చూస్తే మిల్లు చెప్పగలిగే మాస్టారు తల వంచుకున్నాడు. రక్తపరీక్షలో మూత్రపిండాలు మొరాయిస్తున్నాయని తేలింది. ఇంకొన్ని నెలలు ఇలాగే మింగి ఉంటే మీరు తుంటి నొప్పి గురించి బాధపడాల్సిన పనే ఉండేది కాదన్నాడు డాక్టరు, అరవకుండా. అరిచినా బాగుండేది.

కీలు చక్కగా కూర్చుంది. కుడి కాలు మాత్రం సెంటీమీటరు పైచిలుకు పొడవైంది, ఈ ఆపరేషన్లో అలా అవుతుంటుంది, చెకప్పుకు వచ్చుంటే ఆనాడే చూసేవాళ్ళం అన్నాడు. మాత్రలన్నీ ఆపించాడు. ఎడమ చెప్పులో మడమ కింద చిన్న మెత్త వేయించుకోమన్నాడు. తుంటి చుట్టూ కండరాలు వాడక సడలిపోయాయి, ఇరవై నిమిషాలకు మించి ఒక్క బిగిన నిలబడకూడదు, వ్యాయామాలు తప్పకుండా చెయ్యాలి అన్నాడు. "కాగితం ఇచ్చాం కదా, ఉందా?" అని అడిగాడు.

"ఉంది" అన్నాడు మాస్టారు. అబద్ధమైతే కాదు.

ఒకటో తారీఖు వచ్చింది. యూనిఫారాలకు తల్లులూ తండ్రులూ పిల్లల్ని వెంటేసుకుని గుమ్మం దాకా నిలబడ్డారు. మెత్త వేసిన చెప్పుతో మాస్టారు బల్ల ముందు నిలబడి కత్తిరించాడు. నొప్పి మాయమైపోలేదు, సగానికి దిగింది. ఇరవై నిమిషాలు కాగానే ఎత్తు స్టూలు లాక్కుని కూర్చున్నాడు. సరిగ్గా అప్పుడే బావమరిది ఇద్దరు మోతగాళ్ళతో దిగాడు.

"కూర్చున్నారే బావగారూ" అన్నాడు, మహా జాలిగా.

"కూర్చున్నాను. నా కుడి కాలు అర అంగుళం పొడవు. ఇరవై నిమిషాలకోసారి కూర్చోవాలి" అన్నాడు మాస్టారు, గుమ్మంలో జనమందరికీ వినపడేట్టు. "మాటంటే మాటే, బల్ల పట్టుకుపో. నువ్వేసుకున్న ఆ చొక్కా మాత్రం జాగ్రత్తగా దాచుకో. నీ ఎడమ భుజం ముప్పావు అంగుళం దిగువ. పదిహేనేళ్ళుగా లోపల మెత్త పెట్టి కుడుతున్నాను. నీ కొట్లో ఉన్నవేవీ నీ ఒంటికి నిలబడవు."

బావమరిది నవ్వబోయాడు. నవ్వు సగంలో ఆగింది. నిలువుటద్దం ముందుకెళ్ళి, పై బొత్తాలు విప్పి, మెత్త ఉన్నవైపు వేళ్ళతో తడుముకున్నాడు. చాలాసేపు తడుముకున్నాడు. మోతగాళ్ళు ఏది ఎత్తాలి అని అడిగితే ఏమీ ఎత్తొద్దన్నాడు. పోతూ పోతూ గుమ్మం దగ్గర ఆగి, వచ్చే వారం రెండు చొక్కాల గుడ్డ పంపిస్తానని ఎవరి మొహమూ చూడకుండా చెప్పి చల్లగా జారుకున్నాడు.

మాస్టారు మళ్ళీ లేచి సుద్ద అందుకున్నాడు. మొదటి చొక్కా మీద కాజా గుర్తు పెట్టబోయి, తన చేయి గీసిన గీత చూసి ఆగాడు. చిటికెన వేలంత లావుంది.

"అక్కా, ఈ గీతలు ఎందుకింత లావుగా గీస్తున్నానో తెలుసా?"

అక్క తల ఎత్తలేదు.

"తెలుసు" అంది. "మీరెప్పుడూ అనరులే అని ధైర్యంగా ఉన్నాను. చూపు పోయిందంటే నాకింక ఈ స్టూలు ఉండదు కదా మాస్టారూ."

రెండేళ్ళుగా ఆవిడ చుక్కల మందుతో, తను లావు గీతలతో ఆ భయాన్ని కాపలా కాశారన్నమాట. మాస్టారు వెళ్ళి దారాల డబ్బాలోంచి ఆ చుక్కల సీసా తీసి తన జేబులో వేసుకున్నాడు. మందుల షాపాయన దగ్గర కొన్నదే. స్టూలు ఎక్కడికీ పోదు, రేపు పొద్దున్నే కళ్ళ డాక్టరు దగ్గరికి నడు, మా ఆవిడ తోడొస్తుంది అన్నాడు. వాదన పెట్టుకోలేదు, బతిమాలలేదు. ఆవిడ సరేనంది.

తర్వాతి వారం అక్క కళ్ళజోడుతో వచ్చింది. మామూలు జోడే, కాస్త మందంగా ఉంది, అంతే. దుకాణం నిండా జనం. ఆవిడ గుమ్మంలో నిలబడి, కొత్త కళ్ళతో ఒకసారి దుకాణమంతా కలయజూసింది. బల్ల, అద్దం, మేకుకు వేలాడుతున్న తలలేని వ్యాయామం బొమ్మ, చివరికి మాస్టారి కాళ్ళు. చూపు అక్కడ ఆగింది. ఎడమ చెప్పులో మెత్త పడ్డాక ఇప్పుడు ఆవైపు అంచు పైకెక్కింది.

"మాస్టారూ, ఎడమది అర అంగుళం పొట్టి" అంది, అంతమంది ముందు, గట్టిగా. "సాయంత్రం ఇచ్చెళ్ళండి, విప్పి కుడతాను."

జనం మాస్టారి కాళ్ళ వంక చూశారు. ఆయన తనూ వంగి చూసుకుని, సరే అక్కా అన్నాడు.